ఈతయు నూపిరియు

ప్రతి సంవత్సరమును వేసవి సెలవులు సమీపించునప్పుడు మన పాఠశాల యావరణలో నొక చర్చ తప్పక వినబడుచుండును. వంతెన మీదినుండి యెవరు గంతు వేయగలరు, నీటిక్రింద నెవరు ఎక్కువసేపు ఉండగలరు, పోయిన యేడు పందెమున నెవరు నెగ్గిరి అని బాలురు తమలో తాము వాదించుకొనుచుందురు. నీటిక్రింద నెక్కువసేపు ఊపిరి బిగబట్టినవాడే గట్టి యీతగాడని వారందఱి నమ్మకము. ఆ నమ్మకము తప్పనియు, అది ప్రాణములకే ముప్పు తెచ్చునదనియు, ఈత నేర్చువాడు మొదట నేర్వవలసినది ఊపిరి బిగబట్టుట కాదు, ఊపిరి విడుచుట యనియు మా యభిప్రాయము. దీనిని గూర్చి విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, మా తోడి యుపాధ్యాయులకును నాలుగు మాటలు మనవి చేయ దలచితిమి.

మేమును చిన్ననాడు ఆ నమ్మకముతోనే పెరిగితిమి. నడుమునకు ఎండిన సొరకాయ బుఱ్ఱలు కట్టుకొని కాలువలో నీత నేర్చినవారము. పిమ్మట శిక్షణ కళాశాలలో శరీరధర్మ శాస్త్రము కొంత చదివితిమి గాని, చదివిన దానిని కాలువ గట్టునకు తీసికొని పోవలెనని మాకు తోచలేదు. ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించిన క్రొత్తలో, ఒక సెలవు దినమున, కొందఱు పిల్లలను వెంటబెట్టుకొని ఒక చెఱువునకు పోయి, వారి కోరికపై మునుగుడు పందెము పెట్టి, గడియారము చేత బట్టుకొని గట్టున నిలిచితిమి. పదునాలుగేండ్ల బాలు డొకడు, మంచి యీతగాడు, మునుగుటకు ముందు పరుగెత్తి వచ్చినవానివలె గబగబ ఇరువది మాఱులు గాలి పీల్చి విడిచి, నీట మునిగెను. అట్లు చేసినచో రొమ్ములో గాలి నిలువ చేరునని పెద్ద పిల్లలు వానికి చెప్పియుండిరి. ముప్పది సెకనులు గడచెను, నలువది గడచెను, నిమిషము దాటెను. గట్టుపైనున్నవారు చప్పట్లు కొట్టిరి. మేమును సంతోషించితిమి. అంతలో వాని వీపు నీటిపై తేలెను. చేతు లాడుట లేదు. ప్రక్కనే మెడలోతు నీటిలో నిలిచియున్న పెద్ద కుఱ్ఱవాడు సంగతి కనిపెట్టి వానిని జుట్టు పట్టుకొని పైకి లాగెను. పెదవులు నీలి రంగుగా నుండెను. దైవకృపచేత, తల నీటిపైకి వచ్చిన కొలది క్షణములకే దగ్గి ఊపిరి తీసికొనెను.

తెప్పరిల్లిన పిమ్మట మేము వానిని, "అంత కష్టముగా నున్నప్పుడు పైకి రాకపోతివేమి?" అని యడిగితిమి. అందులకు వాడు, "కష్టమేమియు తోచలేదండి మాస్టారూ! ఇంకను ఉండగల ననుకొంటిని. అటుపిమ్మట ఏమైనదో యెఱుగను" అనెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. వాడు మునుగుట వాని తప్పు కాదు. గడియారము పట్టుకొని సెకనులు లెక్కించిన చేయి మాది. వానికి కష్టము తోచకపోవుట కేమి కారణము? ఆ ప్రశ్నకు సమాధానము వెదకి తెలిసికొన్న తరువాతనే ఈతను గూర్చి మా యభిప్రాయము మాఱినది.

మన మూపిరి తీయకుండ నున్నప్పుడు రొమ్ములో బాధపుట్టి, "గాలి, గాలి" యని దేహము మొఱపెట్టును గదా. ఆ మొఱ ప్రాణవాయువు తగ్గినందున పుట్టునదని చాలమంది తలంతురు. అది నిజము కాదు. రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరిగినప్పుడే ముఖ్యముగా ఆ మొఱ పుట్టును. గబగబ పెక్కుమాఱులు గాలి పీల్చి విడిచినచో ఈ బొగ్గుపులుసు వాయువు బయటికి పోవును. ప్రాణవాయువు మాత్రము చెప్పుకోదగినంత పెరుగదు. ఏలయన ఆరోగ్యవంతుని రక్తము మామూలు ఊపిరితోనే తాను మోయగల ప్రాణవాయువులో నూటికి 97, 98 పాళ్లు మోయుచునే యున్నది. నిండిన కుండలో నెంత నీరు పోసినను పొర్లిపోవునే గాని నిలువ చేరదు. ఇట్లు చేసి మునిగినవానికి, హెచ్చరించు వాయువు తక్కువగా నున్నందున, బాధ ఆలస్యముగా పుట్టును. ఈలోపల ప్రాణవాయువు కరగిపోయి మెదడు చీకట్లు క్రమ్మును. తెలివి తప్పినవాడు నీటిలోనే ఊపిరి పీల్చును. అంతటితో సరి. కావలివానిని నిద్రపుచ్చి యింటి తలుపులు తెఱచి యుంచుట యెట్టిదో ఇదియు నట్టిదే.

అమెరికా దేశములో ఆల్బర్ట్ క్రెయిగ్ అను వైద్యశాస్త్ర పండితుడు 1961లో ఈ విషయమును వివరించి, 1976లో ఇట్లు నీటిక్రింద తెలివి తప్పిన 58 మంది వృత్తాంతములను సమీక్షించెను. ఈ యాపద తఱచుగా ఈత రానివారికి గాక, ఈత బాగుగ వచ్చినవారికే కలుగుట గమనింపదగినది. ఈత రానివాడు నీటికి వెఱచి ముందే పైకి వచ్చును. ఈతగాడు తన శక్తిని నమ్మి లోపలనే యుండును.

ఇచ్చట మఱియొక సంగతి చెప్పక తప్పదు. ఇప్పుడు చాల యిండ్లలో ప్రాణాయామము చేయుచున్నారు. చాప మీద కూర్చుండి తెలిసినవారి యొద్ద నేర్చి చేసినచో మాకు దానిపై నాక్షేపణ లేదు. కాని కపాలభాతి, భస్త్రిక మొదలగు వేగమైన శ్వాసలు తీసి వెంటనే నీట మునుగుట పైన చెప్పిన బాలుడు చేసినదానికి వేఱు కాదు. కుంభకము నేలమీదిది, నీటిలోనిది కాదు. దుర్యోధనుడు ద్వైపాయన హ్రదమున జలస్తంభన విద్యచే దాగియుండెనని భారతమున మన మెఱుగుదుము. అట్టి విద్య కాలువ గట్టున నెవరికిని లేదు.

నీటిక్రింద పందెములు మన యూరివారే కనిపెట్టినవి కావు. 1900 సంవత్సరమున ప్యారిస్ నగరములో జరిగిన ఒలింపిక్ క్రీడలలో నీటిక్రింద ఈదుట యొక పందెముగా నుండెను. ఫ్రాన్సు దేశీయుడగు షార్ల్ ద వాండెవిల్ 60 మీటర్లు ఈది, నిమిషమునకు పైగా లోపల నుండి గెలిచెను. ఆ పందెమును ఒలింపిక్ క్రీడలలో మరల నెన్నడును పెట్టలేదు. 1956లో మెల్బోర్న్ నగరమున జపాను దేశీయుడగు మసారు ఫురుకావా రొమ్ము యీత పందెమున చాల దూరము నీటిక్రిందనే ఈది బంగారు పతకము గెలిచెను; ఆ పిమ్మట నట్లు ఈదరాదని నిబంధన చేసిరి. నేడు వెల్లకిల ఈత, సీతాకోకచిలుక ఈత, స్వేచ్ఛా ఈత పందెములలో ప్రారంభమునను, మలుపునను 15 మీటర్లకు మించి నీటిక్రింద పోరాదు. లోకమునందలి మేటి యీతగాండ్రకే హద్దులు గీసిన పనిని మన పిల్లలు కావలి లేని కాలువలలో చేయుచుండుట మనము చూచుచు నూరకుండ దగునా?

అట్లయిన ఈతకు ఊపిరి సాధన యక్కఱలేదా యని యడుగుదురేమో. తప్పక కావలెను. కాని ఆ సాధన వేఱు. క్రొత్తగా ఈత నేర్చిన బాలుని చూడుడు. పది బారలు వేయునప్పటికే రొప్పుచు గట్టు పట్టుకొనును. వాని ఊపిరితిత్తులు చిన్నవని తండ్రి చింతించును. వాని ఊపిరితిత్తులలో లోపము లేదు. ముఖము నీట నుంచినంతసేపు వాడు గాలి బిగబట్టును. తల ప్రక్కకు త్రిప్పినప్పుడు నోరు నీటిపైనుండునది ఒక క్షణము మాత్రమే. ఆ క్షణములోనే పాత గాలి విడిచి క్రొత్త గాలి పీల్చవలెనన్నచో రెండును సగము సగమే జరుగును. పాత గాలి లోపల మిగిలిపోవును, బాధ పెరుగును, బాధచే భయమును, భయముచే చేతులు కాళ్లు బిగిసికొనుటయు గలుగును. ముఖము నీటిలో నున్నప్పుడే ముక్కుతోను నోటితోను మెల్లగా గాలి విడిచినచో, తల త్రిప్పినప్పుడు పీల్చుట యొక్కటియే పని. ఇంత చిన్న రహస్యమును ముందుగా నేర్పనందున ఎందఱో పిల్లలు ఈత తమకు రాదని విడిచిపెట్టుచున్నారు.

ఊపిరితిత్తులను పెంచవచ్చునా యను ప్రశ్నకును నిజమైన జవాబు చెప్పవలెను. 1846లో జాన్ హచిన్సన్ అను ఆంగ్లేయ వైద్యుడు గాలిని కొలుచు యంత్రముతో రెండువేలకు పైగా మనుష్యుల ఊపిరి కొలిచి, నిండుగా పీల్చి విడువగల గాలి మనిషి పొడవును బట్టి పెరుగుచున్నదని కనుగొనెను. ఎదిగిన పురుషుని ఊపిరితిత్తులలో నిండుగా సుమారు 6 లీటర్ల గాలి పట్టును. ఊరక కూర్చున్నప్పుడు మన మొక్కొక్క ఊపిరికి వాడుకొనునది అర లీటరు మాత్రమే. ఎంత విడిచినను లీటరునకు పైగా లోపల మిగిలియే యుండును. పొడవును, వయస్సును, పుట్టుకను బట్టి యేర్పడిన యీ సంచిని సాధనచేత రెండింతలు చేయుట యెవరి వల్లను కాదు. కాని ఉన్న సంచిని చక్కగా వాడుకొనుట మన చేతిలోనిదే. రొమ్మునకును కడుపునకును నడుమ గొడుగువలె నున్న ఉదరవితానమను కండరమును, ప్రక్కటెముకల నడుమనున్న కండరములును సాధనచే బలపడును. గుండె యొక్కొక్క దెబ్బకు నెక్కువ రక్తమును పంపును. అవయవములు తక్కువ ప్రాణవాయువుతో నెక్కువ పని చేయ నేర్చును. ఈతయే దీనికి మంచి సాధనము. మెడలోతు నీటిలో నిలిచినప్పుడు రొమ్ముపై నీటి యొత్తిడి యుండుటచేత ప్రతి ఊపిరియు కొంచెము కష్టపడి తీయవలసివచ్చును. ఆ కష్టమే వ్యాయామము.

మేము పిల్లలచే చేయించి మేలు కనుగొన్న క్రమము నిచ్చట వ్రాయుచున్నాము. ఇందు ఖర్చు లేదు.

మొదటిది నేలమీదిది. వెల్లకిల పండుకొని కడుపుపై నొక పుస్తకము నుంచుకొని, ముక్కుతో మెల్లగా గాలి పీల్చవలెను. రొమ్ము ఎగయుట గాక పుస్తకము పైకి లేవవలెను. పీల్చుటకు పట్టిన కాలమునకు రెండింతలు విడుచుటకు పట్టవలెను. దినమునకు అయిదు నిమిషములు చాలును. పాటలు పాడు పిల్లలకు ఈ సాధన యెఱుకయే. ఒక చరణము నడుమ తెగకుండ పాడుటకు కావలసిన ఊపిరియే యీతకును కావలెను.

రెండవది తొట్టి యొద్ద చేయవలసినది. వెడల్పైన పళ్లెములోగాని తొట్టిలోగాని నీరు పోసి, పెద్దలు దగ్గఱ నుండగా, ముఖము ముంచి బుడగలు వచ్చునట్లు గాలి విడిచి, తల ప్రక్కకు త్రిప్పి నోటితో పీల్చవలెను. పదిమాఱులు సుఖముగా చేయగలిగిన పిమ్మట ఇరువది చేయవలెను. నీటికి వెఱచు చిన్నపిల్లలకు ఇది యాటగా నుండును.

మూడవది నడుములోతు నీటిలో చేయవలసినది. గట్టు పట్టుకొని మునుగుచు గాలి విడుచుచు, లేచుచు గాలి పీల్చుచు నుండవలెను. లోపల నిలువరాదు, మునుగుట, విడుచుట, లేచుట, పీల్చుట, ఇవి గడియారపు లోలకమువలె సాగవలెను.

నాలుగవది తేలుట. నిండుగా గాలి పీల్చి, చెవులు నీట మునుగునట్లు వెల్లకిల పండుకొని, చేతులు చాచినచో దేహము తేలును. గాలి పూర్తిగా విడిచినచో క్రుంగును. ఊపిరితిత్తులే మనకు దేవుడిచ్చిన సొరకాయ బుఱ్ఱలని యప్పుడు పిల్లలకు తెలియును. అలసినవాడు తేలుచు ఊపిరి తీర్చుకొనగలిగినచో మునుగడు.

అయిదవది దూరము. ఇరువదియైదు మీటర్లు మెల్లగా ఈది, ఊపిరి కుదుటపడువఱకు నిలిచి, మరల ఈదవలెను. వారము వారము నిలుచు కాలము తగ్గించుచు, దూరము పెంచవలెను. రెండు బారల కొకమాఱైనను, మూడు బారల కొకమాఱైనను, దేహము కోరినప్పుడు ఊపిరి తీయుటయే మేలు. ఊపిరిని తగ్గించుట ఘనత కాదు. ఉబ్బసము గల పిల్లలు వైద్యుని యడిగి మొదలుపెట్టవలెను. పొగత్రాగువానికి ఈ సాధనములన్నియు చిల్లికుండలో నీరు పోసినట్లే.

ఇక తలిదండ్రుల మాట. "నీళ్ల జోలికి పోకుండ నుండుటయే క్షేమము, ఈత నేర్పినచో ధైర్యము వచ్చి యాపద తెచ్చుకొందురు" అని కొందఱు మాతో ననిరి. వారి భయమును మేము తేలికగా త్రోసివేయజాలము. మేమును ఒకనాడు గట్టున నిలిచి చూచినవారము. కాని కాలువలు, చెఱువులు, బావులు గల దేశములో పిల్లలను నీటికి దూరముగా నుంచుట యెంతకాలము సాగును? ప్రపంచ ఆరోగ్య సంస్థవారి లెక్కప్రకారము 2021లో లోకమున సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయిరి. అయిదేండ్లనుండి పదునాలుగేండ్ల వఱకు గల పిల్లల మరణ కారణములలో నిది మూడవది. బంగ్లాదేశములో పిల్లలకు ఈత నేర్పు కార్యక్రమమున 25 మీటర్లు ఈదుట, 30 సెకనులు తేలుట కనీసపు పరీక్షలుగా పెట్టిరి. అందు నీటిక్రింద నెంతసేపు ఉందువని యడుగలేదు. నేర్పకుండుట క్షేమము కాదు. తప్పుగా నేర్చుకొన విడుచుటయు క్షేమము కాదు. సరిగా నేర్పుటయే క్షేమము.

బాలికలను మఱువరాదు. బాలురు కాలువలో తమంతట తాము కొంత నేర్చుకొందురు. బాలికలకు ఆ యవకాశమును లేదు. నీరు తెచ్చుటకును, బట్టలుతుకుటకును రేవునకు పోవునది తఱచు వారే. 1959 సెప్టెంబరు 29న ఇంగ్లీషు ఛానెలును ఈది దాటిన ఆరతీ సాహా ఆసియా స్త్రీలలో ఆ పని చేసిన మొదటిది. మన హైదరాబాదునకు చెందిన గోలి శ్యామల గారు నలువది యేండ్లు దాటిన పిమ్మట ఈత నేర్చి, 2021 మార్చిలో శ్రీలంకకును భారతదేశమునకును నడుమనున్న పాక్ జలసంధిని ఈది దాటిరి. గంటల తరబడి సముద్రమున ఈదువారు ఊపిరి బిగబట్టినవారు కారు. ఒక్కొక్క బారకు లయ తప్పకుండ ఊపిరి విడిచినవారు. ఉపాధ్యాయినుల పర్యవేక్షణలో బాలికలకు వేఱుగా నొక వేళ నేర్పఱచుట మన పాఠశాలకు అసాధ్యము కాదని మా నమ్మకము.

కావున పాఠశాల యధికారులకు మా మనవులు నాలుగు. మునుగుడు పందెములను పాఠశాల పక్షమున నెవ్వరును పెట్టరాదు, చూచియు నూరకుండరాదు. ఒంటరిగా నెవ్వరును నీట దిగరాదు. దిగినప్పుడు ఈదక గట్టుననే యుండి కాపు కాయు పెద్దవా డొకడుండవలెను. వార్షిక క్రీడోత్సవమున బహుమానము నీటిక్రింద నున్న సెకనులకు గాక, యాబది మీటర్లు ఈది గట్టెక్కి రొప్పకుండ తన పేరు, తరగతి స్పష్టముగా చెప్పగలిగినవానికి ఇయ్యవలెను. ఉపాధ్యాయులందఱును మునిగినవానికి ఊపిరి పోయు పద్ధతిని తెలిసినవారియొద్ద అభ్యసింపవలెను. మునిగినవానిని తలక్రిందుగా పట్టుకొని త్రిప్పుటయు, కడుపు నొక్కుటయు పాత యలవాట్లు. వానివలన కాలము వ్యర్థమగును. ఊపిరి ఆగినవానికి మొదట కావలసినది ఊపిరియే. నోటిలో నోరుంచి గాలి యూది, రొమ్ము నడుమ నొత్తుచు, 108నకు వార్త పంపవలెను. ఒకడు మునుగుచుండగా ఈత సరిగా రానివాడు దూకరాదు. తాడుగాని, కఱ్ఱగాని, పంచెగాని విసరవలెను.

విద్యార్థులారా! నీటిక్రింద నుండుటకు ధైర్యము కావలెనని మీరనుకొందురు. తోడివారు చప్పట్లు కొట్టుచుండగా, "నేనీ పందెమున చేరను" అని చెప్పుటకు అంతకంటె నెక్కువ ధైర్యము కావలెను. ఆనాటి మా శిష్యుడు ఇప్పుడు సంసారి. వాని చిన్న కొడుకునకు ఈత నేర్పుచు, తొట్టిలో బుడగ లూదించుచున్నాడని విని మేము సంతోషించితిమి. "గడియారమెందుకు తేలేదు నాన్నా?" అని పిల్లవా డడిగెనట. "ఈతకు గడియారముతో పని లేదు" అని తండ్రి చెప్పెనట. మేము చెప్పదలచినదియు నింతే. ఈ వేసవిలో మీరు నీట దిగునప్పుడు సెకనులు లెక్కింపకుడు. ముఖము నీట నుంచి మెల్లగా ఊపిరి విడువుడు. తల యెత్తి హాయిగా పీల్చుడు. సెలవులు ముగిసిన పిమ్మట అందఱును క్షేమముగా మరల తరగతులకు రండు.